రౌటర్‌లో ఐఓఎస్ బ్యాకప్, రీస్టోర్: తరచుగా అడిగే ప్రశ్నలు

అమీర్‌పేటలో సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ కోర్సు) నేర్చుకుంటున్న పిల్లల దగ్గర్నుంచి, చిన్న ఆఫీసుల్లో ఒక్కళ్ళే నెట్‌వర్క్ అంతా చూసుకునేవాళ్ళ దాకా తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు, అందుకే జవాబులన్నీ ఒక్కచోట పెడుతున్నా. ఐఓఎస్ అంటే ఇక్కడ ఐఫోన్‌ది కాదు, సిస్కో రౌటర్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్. ఎక్కువగా సిస్కో 1900, 2900 సిరీస్ రౌటర్లని దృష్టిలో పెట్టుకుని రాశాను, మిగతా వాటి గురించి అవసరమైన చోట చెప్తా. కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి, రౌటర్ దగ్గర ఇంగ్లీష్‌లోనే కొట్టాలి.

కాన్ఫిగ్ బ్యాకప్ తీసి పెట్టుకున్నాను కదా, మళ్ళీ ఐఓఎస్ బ్యాకప్ ఎందుకు?

రెండూ వేరు వేరు అండి. రౌటర్‌లో నాలుగు రకాల మెమరీ ఉంటుంది. రామ్‌లో ఇప్పుడు నడుస్తున్న కాన్ఫిగ్, అంటే రౌటర్ సెట్టింగులు ఉంటాయి, ఎన్‌వీరామ్‌లో స్టార్టప్ కాన్ఫిగ్, అంటే పవర్ తీసినా పోకుండా మళ్ళీ లేచేటప్పుడు చదివేది ఉంటుంది, ఫ్లాష్‌లో ఐఓఎస్ ఇమేజ్ ఫైల్ ఉంటుంది, ఇక రోమ్‌లో పవర్ పెట్టగానే రౌటర్‌ని లేపే బూట్‌స్ట్రాప్, ఐఓఎస్ దొరకనప్పుడు ఆదుకునే రోమ్‌మాన్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటాయి. మీరు దాచుకున్న కాన్ఫిగ్ కొన్ని కేబీల టెక్స్ట్ ఫైల్ మాత్రమే, అందులో ఐపీ అడ్రస్‌లు, రూట్లు, యాక్సెస్ లిస్టులు ఉంటాయి గానీ వాటిని చదివి నడిపించే సాఫ్ట్‌వేర్ ఉండదు. ఫ్లాష్ పాడైతే రౌటర్ రోమ్‌మాన్ ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతుంది, అప్పుడు మీ చేతిలో ఎంత మంచి కాన్ఫిగ్ ఉన్నా ఎక్కించడానికి చోటే ఉండదు.

ఇంకో మాట కూడా ఉంది. 2900 సిరీస్ అమ్మకం 2017లో ఆపేశారు, సపోర్ట్ 2022 చివరితో అయిపోయింది. ఇమేజ్ సిస్కో సైట్ నుంచి దించుకోవాలంటే అకౌంట్, సర్వీస్ కాంట్రాక్ట్ రెండూ కావాలి. మన దగ్గర చాలా ఆఫీసుల్లో ఈ రౌటర్లు ఇంకా నడుస్తున్నాయి, కాంట్రాక్ట్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అలాంటి చోట ఫ్లాష్‌లో ఉన్న ఆ ఒక్క ఫైలే మీ ఆస్తి, అది పోతే అర్ధరాత్రి ఎవర్ని అడిగి తెచ్చుకుంటారు చెప్పండి. రౌటర్ బాగున్నప్పుడే తీసి పెట్టుకోండి.

మొదలుపెట్టే ముందు ఏం చూసుకోవాలి?

“షో వెర్షన్” కొట్టండి. ఏ ఇమేజ్‌తో బూట్ అయిందో పూర్తి పేరుతో చూపిస్తుంది, అడుగున కాన్ఫిగరేషన్ రిజిస్టర్ (రౌటర్ ఎలా బూట్ అవ్వాలో చెప్పే నంబర్) విలువ ఉంటుంది, మామూలుగా 0ఎక్స్2102 ఉండాలి. తర్వాత “షో ఫ్లాష్:” కొట్టి ఫైల్ సైజు ఎన్ని బైట్లో ఒక కాగితం మీద రాసుకోండి, ఖాళీ ఎంత ఉందో కూడా. ఫ్లాష్‌లో రెండు మూడు ఇమేజ్‌లు ఉంటే నడుస్తున్నది ఏదో “షో వెర్షన్” చూసే తేల్చుకోవాలి, పేరు చూసి ఊహించొద్దు.

ఆ ఫైల్ పేరు అంత పొడుగ్గా ఎందుకుంటుంది?

ఉదాహరణకి సీ2900-యూనివర్సల్‌కే9-ఎంజెడ్.ఎస్‌పీఏ.151-4.ఎం4.బిన్ తీసుకోండి. సీ2900 అంటే మోడల్. యూనివర్సల్‌కే9 అంటే ఫీచర్లన్నీ ఒకే ఇమేజ్‌లో ఉంటాయి, ఏవి తెరుచుకోవాలో లైసెన్స్ చూసుకుంటుంది, కే9 ఉంటే గట్టి ఎన్‌క్రిప్షన్ ఉన్నట్టు. ఎం అంటే రామ్‌లోంచి నడుస్తుందని, జెడ్ అంటే కంప్రెస్ చేసి ఉందని. ఎస్‌పీఏ అంటే డిజిటల్ సంతకం ఉన్న ప్రొడక్షన్ ఇమేజ్. చివరి ముక్క వెర్షన్, అంటే 15.1(4)ఎం4. బ్యాకప్ తీసేటప్పుడు ఈ పేరు మార్చొద్దు అండి, “పాతది.బిన్” అని పెట్టుకుంటే రెండేళ్ళ తర్వాత అది ఏ మోడల్‌దో మీకే తెలీదు.

టీఎఫ్‌టీపీతో బ్యాకప్ ఎలా తీయాలి?

టీఎఫ్‌టీపీ అంటే నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంపే సాదా పద్ధతి. ల్యాప్‌టాప్‌లో టీఎఫ్‌టీపీడీ64 లాంటి సర్వర్ పెట్టుకోండి, ల్యాప్‌టాప్‌ని రౌటర్ ల్యాన్ పోర్ట్‌కి కలిపి ఒకే సబ్‌నెట్‌లో ఐపీ ఇవ్వండి, రౌటర్ నుంచి పింగ్ వెళ్తోందో లేదో చూసుకోండి. ఆ తర్వాత “కాపీ ఫ్లాష్: టీఎఫ్‌టీపీ:” కొడితే మూడు అడుగుతుంది, సోర్స్ ఫైల్ పేరు, సర్వర్ ఐపీ, అక్కడ ఏ పేరుతో పెట్టాలో. పేరు చేత్తో కొట్టకుండా “షో ఫ్లాష్:” నుంచి కాపీ పేస్ట్ చేయండి, ఒక్క చుక్క తేడా వచ్చినా ఫైల్ లేదంటుంది. ఆశ్చర్యార్థకాలు వరసగా పడుతుంటే వెళ్తోందని అర్థం, చుక్కలు పడుతుంటే అవతల్నుంచి జవాబు రావట్లేదని.

కాన్ఫిగ్ కూడా అదే ఊపులో తీసేయండి, “కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ టీఎఫ్‌టీపీ:” అంతే.

పింగ్ వెళ్తోంది గానీ కాపీ టైమౌట్ అంటోంది, ఎందుకు?

పది సార్లలో తొమ్మిది సార్లు విండోస్ ఫైర్‌వాలే. టీఎఫ్‌టీపీ యూడీపీ 69 పోర్ట్ మీద మొదలవుతుంది గానీ తర్వాత సర్వర్ వేరే పోర్ట్ నుంచి మాట్లాడుతుంది, కాబట్టి 69 ఒక్కటి తెరిచి ఊరుకోకుండా ఆ ప్రోగ్రామ్‌నే ఫైర్‌వాల్‌లో అనుమతించండి. పబ్లిక్ నెట్‌వర్క్ అని గుర్తుపట్టి ఉంటే ఆ ప్రొఫైల్‌లో కూడా టిక్ పెట్టాలి, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

లినక్స్‌లో అయితే కథ వేరు. అక్కడ టీఎఫ్‌టీపీడీ-హెచ్‌పీఏ మామూలుగా కొత్త ఫైల్ తయారు చేయనివ్వదు, ముందే ఆ పేరుతో ఖాళీ ఫైల్ పెట్టి అందరికీ రాసే పర్మిషన్ ఇవ్వాలి, లేదంటే సర్వర్‌ని “క్రియేట్” ఆప్షన్‌తో స్టార్ట్ చేయాలి. రౌటర్‌కి చాలా ఇంటర్‌ఫేస్‌లు ఉండి ప్యాకెట్ ఏదో ఒక వైపు నుంచి బయటికి పోతుంటే “ఐపీ టీఎఫ్‌టీపీ సోర్స్-ఇంటర్‌ఫేస్” తో ఏ వైపు నుంచి వెళ్ళాలో చెప్పొచ్చు.

సగం వెళ్ళి 32 ఎంబీ దగ్గర ఆగిపోతోంది?

ఇది మీ తప్పు కాదు, టీఎఫ్‌టీపీ పుట్టుకలో ఉన్న ఇబ్బంది. 1992 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1350 (టీఎఫ్‌టీపీ నియమాలు రాసిన పత్రం) ప్రకారం ఒక్కో బ్లాక్ 512 బైట్లు, బ్లాక్ నంబర్‌కి 16 బిట్లే, అంటే 65,535 బ్లాకులు, లెక్కేస్తే సుమారు 32 ఎంబీ. ఆ తర్వాత నంబర్‌ని మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టడం కొత్త సర్వర్లకి తెలుసు, పాతవాటికి తెలీదు. అందుకే ముందు సర్వర్ ప్రోగ్రామ్‌ని కొత్త వెర్షన్‌కి మార్చండి. 1998లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2348తో పెద్ద బ్లాకులు కూడా వాడొచ్చు, రౌటర్‌లో “ఐపీ టీఎఫ్‌టీపీ బ్లాక్‌సైజ్ 8192” కొడితే స్పీడ్ కూడా బాగా పెరుగుతుంది.

హెడ్ ఆఫీసులో సర్వర్ ఉంది, బ్రాంచ్ రౌటర్ నుంచి అక్కడికే టీఎఫ్‌టీపీ చేయొచ్చా?

చేయొచ్చు గానీ నేనైతే చేయను. టీఎఫ్‌టీపీ ఒక బ్లాక్ పంపి, అందిందని జవాబు వచ్చాకే ఇంకోటి పంపుతుంది. లింక్‌లో పోయి రావడానికి 100 మిల్లీసెకన్లు పడితే సెకనుకి పది బ్లాకులు, అంటే 5 కేబీ. 60 ఎంబీ ఇమేజ్ అలా వెళ్ళాలంటే మూడు గంటల పైనే, మీ లింక్ 100 ఎంబీపీఎస్ ఉన్నా అంతే! పైగా దీనికి పాస్‌వర్డ్ లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు, దారిలో ఎవరైనా కాన్ఫిగ్ మొత్తం చదివేయొచ్చు.

దూరం నుంచి అయితే ఎస్‌సీపీ వాడండి, అది ఫైల్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది. రౌటర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (ఎన్‌క్రిప్ట్ చేసిన లాగిన్) ముందే పనిచేస్తుండాలి, ఏఏఏ ఎగ్జిక్ ఆథరైజేషన్ (ఎవరికి ఏ అనుమతో చూసే ఏర్పాటు) ఉండాలి, ప్రివిలేజ్ 15, అంటే పూర్తి అధికారాలున్న యూజర్ ఉండాలి, ఆపైన “ఐపీ ఎస్‌సీపీ సర్వర్ ఎనేబుల్”. అప్పుడు ల్యాప్‌టాప్ నుంచే ఫైల్ లాక్కోవచ్చు. ఒక చిక్కుంది, 2022లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుంచి ఎస్‌సీపీ కమాండ్ లోపల ఎస్‌ఎఫ్‌టీపీ వాడటం మొదలెట్టింది, పాత ఐఓఎస్‌కి అది అర్థం కాదు. కమాండ్‌లో మైనస్ ఓ ఆప్షన్ పెట్టండి, క్యాపిటల్ ఓ, అప్పుడు పాత పద్ధతిలోనే మాట్లాడుతుంది. దీని మీద ఒక సాయంత్రమంతా కూర్చున్నవాళ్ళని చూశాను, అందుకే చెప్తున్నా.

ల్యాప్‌టాప్, సర్వర్ ఏం లేకుండా తీయొచ్చా?

1900, 2900, 3900ల్లో యూఎస్‌బీ పోర్ట్ ఉంటుంది. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి పెట్టండి, “కాపీ ఫ్లాష్: యూఎస్‌బీఫ్లాష్0:” కొట్టండి, అయిపోయింది. నాకు అన్నిట్లోకీ ఇదే ఇష్టం. ఆ పెన్‌డ్రైవ్‌ని ఒక కవర్‌లో వేసి రాక్‌లోనే రౌటర్ పక్కన పెట్టండి, ఎవరూ పాటలకి వాడుకోకుండా పేరు రాయండి, ఇంకో కాపీ వేరే చోట ఉండాలి.

కాపీ అయింది, సరిగ్గా అయిందని ఎలా నమ్మాలి?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది, ఎక్కువమంది అడగని ప్రశ్న కూడా ఇదే. ముందు సైజు చూడండి, కాగితం మీద రాసుకున్న బైట్లు, ల్యాప్‌టాప్‌లో ఫైల్ బైట్లు ఒక్కటి కూడా తేడా ఉండకూడదు. తర్వాత రౌటర్‌లో “వెరిఫై /ఎండీ5 ఫ్లాష్:” అని పక్కన ఫైల్ పేరు కొట్టండి, కాసేపు చుక్కలు పడి 32 అక్షరాల విలువ ఇస్తుంది, ఎండీ5 అంటే ఇదే, ఫైల్‌కి వేలిముద్ర లాంటిది. ల్యాప్‌టాప్‌లో అదే ఫైల్‌కి ఎండీ5 తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఆ విలువని బ్యాకప్ ఫైల్ పక్కనే ఒక టెక్స్ట్ ఫైల్‌లో దాచండి.

కుదిరితే సిస్కో సైట్‌లో ఆ ఇమేజ్‌కి ఇచ్చిన ఎండీ5తో కూడా పోల్చండి. ఎందుకంటే మీ ఫ్లాష్‌లో ఉన్న ఇమేజే మార్చేసినదైతే మీరు ఆ మార్చేసినదాన్నే భద్రంగా దాచుకున్నట్టు. ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు, 2015 సెప్టెంబర్‌లో మాండియంట్ అనే సైబర్ సెక్యూరిటీ కంపెనీ వాళ్ళు సిన్‌ఫుల్ నాక్ అని ఒకటి బయటపెట్టారు, సిస్కో 1841, 2811, 3825 రౌటర్లలో ఐఓఎస్ ఇమేజ్‌నే మార్చి దొంగదారి పెట్టారు, ఉక్రెయిన్, ఫిలిప్పీన్స్, మెక్సికోతో పాటు మన ఇండియాలో కూడా దొరికాయి. సెకండ్ హ్యాండ్ రౌటర్ కొన్నవాళ్ళు ఈ పోలిక తప్పకుండా చేయండి.

కొత్త ఇమేజ్ ఎక్కిస్తుంటే “ఎరేజ్ ఫ్లాష్” అని అడుగుతోంది, ఏం కొట్టాలి?

ఆగండి. పాత మోడల్స్‌లో “కాపీ టీఎఫ్‌టీపీ: ఫ్లాష్:” చేస్తే కాపీకి ముందు ఫ్లాష్ తుడిచేయమంటావా అని అడుగుతుంది, పక్కన బ్రాకెట్లో కన్ఫర్మ్ అని ఉంటుంది, అక్కడ ఎంటర్ నొక్కితే సరే అన్నట్టే. చోటు ఉంటే కచ్చితంగా ఎన్ కొట్టండి. చోటు లేకపోతే, పాత ఇమేజ్ బ్యాకప్ ఎండీ5తో సహా సరిచూసుకున్నాకే ఒప్పుకోండి.

ఫ్లాష్ తుడిచేశాం, కొత్తది ఎక్కలేదు, కానీ రౌటర్ ఇంకా నడుస్తోంది! ఇప్పుడేం చేయాలి?

రీలోడ్ చేయకండి, పవర్ తీయకండి. ఎవర్నీ ఆ రాక్ దగ్గరికి పోనివ్వకండి. ఐఓఎస్ బూట్ అయ్యేటప్పుడే రామ్‌లోకి విప్పుకుని అక్కడ్నుంచి నడుస్తుంది, అందుకే ఫ్లాష్ ఖాళీ అయినా రౌటర్ మామూలుగా ప్యాకెట్లు పంపుతూనే ఉంటుంది. కరెంట్ పోయే లోపల ఏదో ఒక ఇమేజ్ ఫ్లాష్‌లోకి చేరాలి, యూపీఎస్ మీద ఉందో లేదో ముందు చూసుకోండి.

నేను పని చేసిన ఒక ఆఫీసులో సరిగ్గా ఇదే జరిగింది. కుర్రాడొకడు ఎంటర్ నొక్కేశాడు, ఫ్లాష్ పోయింది, కాపీ సగంలో ఉండగా ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్ళింది, మళ్ళీ చేద్దామంటే ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫైలే పాడైంది. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. మా అదృష్టం ఏంటంటే పక్క ఫ్లోర్‌లో అదే మోడల్ రౌటర్ ఇంకోటి ఉంది. దాన్నే టీఎఫ్‌టీపీ సర్వర్ చేశాం, గ్లోబల్ కాన్ఫిగ్‌లో “టీఎఫ్‌టీపీ-సర్వర్ ఫ్లాష్:” అని పక్కన ఇమేజ్ పేరు కొడితే చాలు, ఆ ఫైల్‌ని అడిగినవాళ్ళకి ఇస్తుంది. ఇటు రౌటర్ నుంచి లాక్కున్నాం, వెరిఫై చేశాం, అప్పుడు అందరం ఊపిరి తీసుకున్నాం. పని అయ్యాక ఆ లైన్ తీసేయడం మర్చిపోవద్దు. ల్యాప్‌టాప్ స్లీప్ ఆఫ్ చేసి కూర్చోవడం ఆ రోజు నుంచి నాకు అలవాటైంది.

రీబూట్ అయింది, రోమ్‌మాన్ ప్రాంప్ట్ వచ్చి ఆగిపోయింది. ఎలా బయటపడాలి?

కన్సోల్ కేబుల్ పెట్టండి, 9600 స్పీడ్. ముందు “డిర్ ఫ్లాష్0:” కొట్టి చూడండి, పాత మోడల్‌లో “డిర్ ఫ్లాష్:” అని. ఇమేజ్ అక్కడే ఉండి, కేవలం బూట్ లైన్ తప్పు వల్ల ఆగితే “బూట్ ఫ్లాష్0:” పక్కన పేరు కొడితే లేచి కూర్చుంటుంది. ఫైల్ లేకపోతే, యూఎస్‌బీలో బ్యాకప్ ఉంటే “బూట్ యూఎస్‌బీఫ్లాష్0:” తో లేపి, లేచాక ఫ్లాష్‌లోకి కాపీ చేసుకోవచ్చు. కవర్‌లో పెన్‌డ్రైవ్ పెట్టమన్నది దీనికోసమే.

అదీ లేదంటే టీఎఫ్‌టీపీ. ల్యాప్‌టాప్‌ని రౌటర్ మొదటి ల్యాన్ పోర్ట్‌కి, అంటే గిగాబిట్ 0/0కి కలపండి, మామూలుగా ఆ పోర్ట్ మీదే వెతుకుతుంది. తర్వాత ఐదు విలువలు ఇవ్వాలి: ఐపీ_అడ్రస్, ఐపీ_సబ్‌నెట్_మాస్క్, డీఫాల్ట్_గేట్‌వే, టీఎఫ్‌టీపీ_సర్వర్, టీఎఫ్‌టీపీ_ఫైల్. అన్నీ క్యాపిటల్ లెటర్స్‌లోనే, ఈక్వల్స్ గుర్తుకి అటూ ఇటూ స్పేస్ లేకుండా. గేట్‌వే అవసరం లేకపోయినా ఏదో ఒకటి ఇవ్వాలి, ల్యాప్‌టాప్ ఐపీనే ఇచ్చేయండి. “సెట్” కొట్టి అన్నీ ఒకసారి చూసుకుని “టీఎఫ్‌టీపీడీఎన్ఎల్‌డీ” కొట్టండి. ఫ్లాష్‌లో ఉన్నదంతా పోతుందని హెచ్చరిస్తుంది, అది నిజమే, వై కొడితేనే ముందుకి వెళ్తుంది. అయ్యాక “రీసెట్”.

నెట్‌వర్క్ పోర్ట్ కూడా పనిచేయకపోతే?

2600, 2800 లాంటి పాతవాటిలో ఎక్స్‌మోడెమ్ అనే పాత ఫైల్ పంపే పద్ధతి ఉంది, కన్సోల్ కేబుల్ మీదుగానే ఫైల్ పంపొచ్చు. 9600 స్పీడ్‌లో 30 ఎంబీకి తొమ్మిది గంటలు పడుతుంది, కాబట్టి ముందు “కాన్ఫ్‌రెగ్” తో కన్సోల్ స్పీడ్‌ని 115200కి పెంచండి, అప్పుడు ముప్పావుగంటలో అవుతుంది, కాస్త అటూ ఇటూ. తర్వాత మళ్ళీ 9600కి తెచ్చేయండి, లేకపోతే రేపు వచ్చేవాడికి స్క్రీన్ మీద పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. 1941, 2900ల్లో అయితే కాంపాక్ట్ ఫ్లాష్ కార్డ్ తీసి కార్డ్ రీడర్‌లో పెట్టి ఫైల్ వేయడం సులువు.

రెండు ఇమేజ్‌లు ఉన్నాయి, కొత్తది కాకుండా పాతదే లేస్తోంది?

“బూట్ సిస్టమ్” లైన్లు రాసిన వరసలో చూస్తుంది. కొత్త లైన్ కలిపితే అది చివర్లో చేరుతుంది, పైన పాతది ఉంటే దానితోనే లేస్తుంది. “నో బూట్ సిస్టమ్” కొట్టి పాతవన్నీ తీసి, ముందు కొత్తది, తర్వాత పాతది రాయండి, కొత్తది పనిచేయకపోతే పాతదానితో అయినా లేస్తుంది. సేవ్ చేసి అప్పుడు రీలోడ్.

కాన్ఫిగ్ రీస్టోర్ చేశాను, అన్నీ కరెక్టే గానీ ఇంటర్‌ఫేస్‌లన్నీ డౌన్?

ఇది చాలామందిని ఏడిపించింది. కొత్త రౌటర్‌లో ఇంటర్‌ఫేస్‌లు పుట్టుకతోనే షట్‌డౌన్‌లో ఉంటాయి. మీ బ్యాకప్‌లో “నో షట్‌డౌన్” అనే లైన్ ఉండదు, ఎందుకంటే రన్నింగ్ కాన్ఫిగ్ దాన్ని చూపించదు. “కాపీ టీఎఫ్‌టీపీ: రన్నింగ్-కాన్ఫిగ్” అనేది పాతదాన్ని తీసేసి పెట్టదు, ఉన్నదానిలో కలుపుతుంది, కాబట్టి ఆ షట్‌డౌన్ అలాగే మిగిలిపోతుంది. పాత యాక్సెస్ లిస్ట్ లైన్లు ఉంటే వాటి కింద కొత్తవి చేరి ఇంకా గందరగోళం. అందుకే బ్యాకప్‌ని స్టార్టప్ కాన్ఫిగ్‌లోకి కాపీ చేసి రీలోడ్ చేయండి, మధ్యలో సేవ్ చేయమంటావా అని అడిగితే నో చెప్పండి, లేకపోతే ఇప్పుడే వేసినదాని మీద ఖాళీ కాన్ఫిగ్ పడిపోతుంది. రీలోడ్ వీలుకాని చోట “కాన్ఫిగర్ రీప్లేస్” ఉంది, అది తేడాలు చూసి సరిచేస్తుంది.

కాన్ఫిగ్ ఎక్కించాను, రీలోడ్ చేయగానే మొత్తం ఖాళీ!

“షో వెర్షన్” అడుగున రిజిస్టర్ చూడండి, 0ఎక్స్2142 ఉంటుంది. ఎవరో పాస్‌వర్డ్ రికవరీ చేసి అలాగే వదిలేశారు, ఆ విలువ ఉంటే స్టార్టప్ కాన్ఫిగ్‌ని చదవకుండా దాటేస్తుంది. కాన్ఫిగ్ ఎక్కడికీ పోలేదు, ఎన్‌వీరామ్‌లోనే ఉంది, తొందరపడి సేవ్ కొట్టకండి. “కాన్ఫిగ్-రిజిస్టర్ 0ఎక్స్2102” పెట్టి, సేవ్ చేయకుండా రీలోడ్ చేయండి.

ఇమేజ్, కాన్ఫిగ్ రెండూ ఉంటే ఇక అన్నీ ఉన్నట్టేనా?

దాదాపు. కొన్ని చిన్నవి మిగిలిపోతాయి. ఎస్‌ఎస్‌హెచ్‌కి వాడే ఆర్‌ఎస్‌ఏ ప్రైవేట్ కీ కాన్ఫిగ్ టెక్స్ట్‌లో రాదు, కొత్త రౌటర్ మీద మళ్ళీ జనరేట్ చేయాలి, లేకపోతే ఎస్‌ఎస్‌హెచ్ తెరుచుకోదు. స్విచ్ మాడ్యూల్ ఉంటే వీల్యాన్‌లు (ఒకే స్విచ్‌లో విడివిడి నెట్‌వర్క్‌లు) ఫ్లాష్‌లో వీల్యాన్.డీఏటీ అనే వేరే ఫైల్‌లో ఉంటాయి, దాన్నీ తీసుకోండి. లైసెన్స్‌లని “లైసెన్స్ సేవ్” తో ఫైల్‌గా దాచండి, అవి ఆ రౌటర్ సీరియల్ నంబర్‌కే కట్టి ఉంటాయి, వేరేదాని మీద పనిచేయవు. కాన్ఫిగ్ ఫైల్‌ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి దయచేసి, అందులో టైప్ 7 అనే బలహీనమైన పద్ధతిలో దాచిన పాస్‌వర్డ్‌ని విప్పడానికి నిమిషం కూడా పట్టదు.

ఇంట్లో వైఫై రౌటర్‌లో “బ్యాకప్” బటన్ ఉంది, అది చాలదా?

అది సెట్టింగులు మాత్రమే దాస్తుంది, ఫర్మ్‌వేర్‌ని కాదు. ఫర్మ్‌వేర్ కంపెనీ సైట్‌లో మీ మోడల్, హార్డ్‌వేర్ వెర్షన్ రెండూ కలిసేది దించి పెట్టుకోండి, వెర్షన్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (కంపెనీది కాని ఉచిత ఫర్మ్‌వేర్) వేద్దామనుకునేవాళ్ళు ముందుగా ఫ్లాష్‌లో వైఫై కాలిబ్రేషన్, మ్యాక్ అడ్రస్ ఉండే పార్టిషన్‌ని కాపీ తీసుకోండి, చాలా మోడల్స్‌లో దాని పేరు ఆర్ట్ అనో ఫ్యాక్టరీ అనో ఉంటుంది. అది మీ ఒక్క పీస్‌కే సరిపోయే డేటా, ఏ సైట్‌లోనూ దొరకదు.

ఎంత తరచుగా తీయాలి?

ఇమేజ్ మారినప్పుడు ఒకసారి చాలు. కాన్ఫిగ్ అయితే మార్పు చేసిన ప్రతిసారీ. “ఆర్కైవ్” కింద పాత్ ఇచ్చి “రైట్-మెమరీ” పెడితే మీరు సేవ్ చేసినప్పుడల్లా ఒక కాపీ సర్వర్‌కి దానంతటదే వెళ్తుంది. ఏడాదికి ఒకసారైనా ఒక ఆదివారం చూసుకుని, స్పేర్ రౌటర్ మీద అన్నీ మొదట్నుంచి ఎక్కించి లేపి చూడండి. స్పేర్ లేకపోతే ప్యాకెట్ ట్రేసర్‌లో (సిస్కో నెట్‌వర్క్ సిమ్యులేటర్) ఆ కమాండ్లయినా చేతికి అలవాటు చేసుకోండి.